మర్నాటి మాత్ర

కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే ఈ మందు సంగతి మనుషుల డాక్టర్ల కంటే ముందు పశువైద్యులకు తెలుసు. అండాశయపు రసాలు జంతువుల్లో గర్భం నిలవనివ్వవని 1920లలో తేలాక, యజమానులకు ఇష్టంలేని జత కట్టిన కుక్కలకూ గుర్రాలకూ ఈస్ట్రోజెన్ వాడారు. అది స్త్రీల దాకా రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1960ల నడుమ నెదర్లాండ్స్‌లో అత్యాచారానికి గురైన 13 ఏళ్ల బాలికకు అక్కడి డాక్టర్లు ఈస్ట్రోజెన్ పెద్ద మోతాదులో ఇచ్చారు. నమోదైన తొలి సందర్భంగా వైద్య చరిత్ర దీన్నే చెబుతుంది.

1971లో అమెరికాలో, మిషిగన్ విశ్వవిద్యాలయంలో డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను వెయ్యి మంది స్త్రీలకు ఇచ్చి చూశారు. 25 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు, అయిదు రోజులు. మొత్తం 250 మిల్లీగ్రాములు! ఒక్కరికీ గర్భం రాలేదని ప్రకటించారు. అదే ఏడాది మరో వార్త వచ్చింది: గర్భిణిగా ఉన్నప్పుడు ఇదే మందు వాడిన తల్లుల కూతుళ్లలో అరుదైన యోని క్యాన్సర్ కనిపిస్తోందని. డీఈఎస్ మీద నమ్మకం అక్కడే చెదిరింది.

ఆ వెయ్యికి సున్నా అన్న లెక్కనూ కొంచెం అనుమానంగానే చూడాలి. కండోమ్ చిరిగిన ప్రతిసారీ గర్భం వస్తుందా? రాదు. 1995లో విల్‌కాక్స్ అనే పరిశోధకుడి బృందం ప్రచురించిన పరిశోధన ప్రకారం నెలలో గర్భం నిలిచే అవకాశం ఉన్నది ఆరు రోజులే: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు. అయిదు రోజుల ముందు కలిస్తే అవకాశం నూటికి సుమారు 10, విడుదల రోజున సుమారు 33. వీర్యకణాలు అయిదు రోజుల దాకా బతుకుతాయి, అండానికి ఒక రోజు ఆయుష్షు కూడా కష్టం. చిక్కంతా ఆ ఆరు రోజులు ఎప్పుడన్నది. పుస్తకాల్లోని పద్నాలుగో రోజు చాలామంది ఒంట్లో కుదరదు. నెల సక్రమంగా వచ్చేవాళ్లకు కూడా అండం ముందూ వెనకా అవుతుంది. కనుక మందు వల్ల తప్పిందా, మామూలుగానే తప్పిందా అని ఎవరికి వారు చెప్పుకోలేరు. పెద్ద పరీక్షలు అవసరమైంది అందుకే.

1974లో కెనడా వైద్యుడు ఆల్బర్ట్ యూజ్‌పీ ఒక సులువు చూపించాడు. షాపుల్లో అప్పటికే ఉన్న మామూలు గర్భనిరోధక మాత్రలనే కొన్ని ఒకేసారి వేసుకుని, 12 గంటల తర్వాత మళ్లీ అన్నే వేసుకోవడం. పని చేసింది, కానీ సగం మందికి కడుపులో తిప్పడం, అయిదుగురిలో ఒకరికి వాంతులు. మాత్ర వాంతిలో పోయిందేమోనన్న బెంగ వేరే. బ్రిటన్‌లో 1984లో దీనికంటూ ఒక ప్యాకెట్ వచ్చింది. అమెరికాలో 1998 దాకా రాలేదు. అప్పటిదాకా అక్కడి ఆడవాళ్లకు డాక్టర్లు మామూలు మాత్రలే లెక్కపెట్టి ఇచ్చేవారు. మందు అరలోనే ఉంది, ఈ పనికంటూ అమ్మడానికే ఎవరూ ముందుకు రాలేదు.

మన ఇళ్లలో ‘లూప్’ అనగానే భయపడతారు గానీ, అన్నిటికన్నా గట్టి ఉపాయం అదే. అయిదు రోజుల్లోపు కాపర్-టి వేయించుకుంటే వెయ్యి మందిలో ఒకరికి కూడా గర్భం రావడం కష్టం. 1976 నుంచీ తెలిసిన విషయమే. వేసే చేయి, వేయించుకునే ధైర్యం రెండూ ఆ అయిదు రోజుల్లో దొరకాలి మరి.

హంగరీలోని గెడియన్ రిక్టర్ కంపెనీ లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోన్ ఒక్కటే ఉన్న మాత్రను ముందునుంచే అమ్మేది. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని యూజ్‌పీ పద్ధతితో పోల్చి చూసింది. గర్భం వచ్చినవాళ్లు పాత పద్ధతిలో నూటికి 3.2, కొత్తదానిలో 1.1. వాంతులూ బాగా తగ్గాయి. మొదటి 24 గంటల్లో వేసుకుంటే రావలసిన గర్భాల్లో 95 శాతం ఆగాయి, మూడో రోజుకు 58 శాతమే. డబ్బా మీద 72 గంటలన్న అంకె చూసి మూడు రోజుల గడువుందనుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ చూడాలి. 2002లో 1.5 మిల్లీగ్రాములు ఒకేసారి వేసుకున్నా చాలని తేలింది.

ఈ మాత్ర గర్భాన్ని తీసేయదు, అండం విడుదలను వెనక్కి నెడుతుంది. విడుదలకు ఒళ్లు సిద్ధమైపోయాక వేసుకుంటే లాభం తక్కువ. ఫలదీకరణ చెందిన అండాన్ని గర్భాశయానికి అతుక్కోనివ్వదేమోనన్న వాక్యం మాత్రం అమెరికా ప్యాకెట్ మీద ఏళ్ల తరబడి ఉండి, 2022 డిసెంబరులో పోయింది. 2009లో యూరప్ అనుమతించిన యులిప్రిస్టాల్ అనే మరో మాత్ర అయిదు రోజుల దాకా పనిచేస్తుంది. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్లకు లెవోనార్‌జెస్ట్రెల్ మామూలు మోతాదు సరిపోదు. ఈ ఒక్క మాట మన దేశంలో ప్రతి డబ్బా మీదా పెద్దక్షరాల్లో ఉండాలి.

మన దేశంలో 2005లో లెవోనార్‌జెస్ట్రెల్ మాత్రకు డాక్టరు చీటీ అక్కర్లేదన్నారు. 2007లో ఐ-పిల్ టీవీ ప్రకటనలతో వచ్చి, ఆ బ్రాండు పేరే మాత్ర పేరైపోయింది. తర్వాత ఆశా కార్యకర్త సంచీలోకీ చేరింది, రెండు రూపాయలకు. తమిళనాడులో నిషేధం లేకున్నా ఏళ్ల తరబడి షాపుల్లో దొరకడం గగనమైంది.

మాత్ర కూడా పనిచేయకపోతే? 1971 గర్భస్రావ చట్టం గర్భనిరోధకం విఫలమవడాన్ని కారణంగా ఒప్పుకుంది, కానీ వివాహిత, ఆమె భర్త అని రాసింది. 2021 సవరణలో అది ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అయింది. 20 నుంచి 24 వారాల మధ్య గర్భస్రావానికి పెళ్లికానివాళ్లకూ హక్కుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది.