తీగ సాగక మునుపే: విద్యుత్ మార్గాలు, పురావస్తు సర్వేలు

కృష్ణానదిపై నందికొండ వద్ద భారీ ఆనకట్ట నిర్మాణం తథ్యమని 1954లో తేలినప్పుడు, ఎగువనున్న నాగార్జునకొండ లోయకు సైతం గడువు నిర్ణయమైపోయింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసినది ఆ లోయలోనే. ఈ స్థలం 1926లోనే వెలుగులోకి వచ్చింది. 1927–31 సంవత్సరాల నడుమ లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ అక్కడ తవ్వకాలు జరిపారు. అయినా లోయలో అధికభాగం అప్పటికింకా పరిశీలనకు నోచుకోలేదు. కేంద్ర పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ప్రత్యేక బృందాన్ని నియమించి 1960 వరకు లోయ అంతటా తవ్వకాలు సాగించింది. రాతియుగపు పనిముట్లు మొదలుకొని బౌద్ధ విహారాలు, స్నానఘట్టాలు, మెట్ల వరుసలతో కూడిన రంగస్థలం, మధ్యయుగపు ఆలయాల వరకు ఆ కృషి ఫలితంగానే చరిత్రకు దక్కాయి. ముఖ్యమైన కట్టడాలను కొండపైన, అనుపు వద్ద తిరిగి నిలిపారు.

శ్రీశైలం జలవిద్యుత్ పథకంలోనూ ఇదే బాట అనుసరించారు. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ పథకం 1982లో విద్యుదుత్పాదన ప్రారంభించింది. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లి వద్ద చాళుక్యుల కాలంలో నిర్మితమైన సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో పునర్నిర్మించారు. పాపనాశి ఆలయాలు కూడా అలంపురం చేరువకు తరలివచ్చాయి.

ఈ రెండు సందర్భాలలోనూ పురావస్తు శాస్త్రజ్ఞులకు ఒక సౌకర్యం ఉన్నది. ముంపు ప్రాంతపు హద్దు ముందుగానే తెలుసు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885 అడుగులు. ఆ గీతకు లోపల ఉన్నదంతా వెదకవలసినదే. కాని జలాశయం వద్ద పుట్టిన విద్యుత్తును ఊళ్ళకు చేర్చే లైన్ల సంగతి వేరు. అవి వందలాది కిలోమీటర్లు సాగినా నేలను తాకేది టవర్ల పాదాల వద్ద మాత్రమే. అందుచేత వాటివల్ల పురావశేషాలకు కలిగే హాని స్వల్పమన్న భావన ఏర్పడింది.

లెక్క వేసి చూస్తే ఈ భావన నిలవదు. 400 కిలోవోల్టుల లైనులో టవరుకూ టవరుకూ నడుమ దూరం సాధారణంగా 350 నుండి 400 మీటర్లు ఉంటుంది. వంద కిలోమీటర్ల మార్గానికి కనీసం 250 టవర్లు కావాలి. ఒక్కొక్క టవరుకు నాలుగు పాదాలు కనుక గోతులే వేయి. ఇవి గాక ఉక్కు సామగ్రిని మోసుకువచ్చే వాహనాల బాటలు, తీగను లాగే యంత్రాలు నిలిచే తావులు కూడా నేలను కదిలిస్తాయి.

ఆ నేల ఎటువంటిదన్నది మరింత ముఖ్యమైన విషయం. ఊళ్ళను, తోటలను తప్పించాలన్న సదుద్దేశంతో ఇంజనీర్లు లైన్లను బంజర్ల మీదుగా, గుట్టల అంచుల వెంబడి నడిపిస్తారు. జనం రాక్షసగుళ్ళని పిలుచుకునే బృహత్ శిలా సమాధులు మిగిలి ఉన్నది సరిగ్గా అటువంటి చోటులలోనే. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు బూడిద దిబ్బ వంటివాటిని చూచినవారు వాటిలో చరిత్ర ఉన్నదని ఊహించడం కష్టం. 1957లో ఆల్చిన్ అక్కడ తవ్వకాలు జరిపి, అది నవీన శిలాయుగపు పశుపాలకుల మందదొడ్డి అనీ, పేరుకున్న పేడ పలుమార్లు తగులబడగా ఏర్పడిన బూడిద అనీ నిరూపించారు. రాయలసీమలో సౌర, పవన విద్యుత్ కేంద్రాలు విస్తరించిన కొద్దీ కొత్త లైన్లు అవసరమవుతున్నాయి. బూడిద దిబ్బలకు, బృహత్ శిలా సమాధులకు ఆ సీమ కూడా ఆలవాలమే.

చట్టం అందించే రక్షణ పరిమితమైనది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో జరిగిన సవరణ, రక్షిత కట్టడానికి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతాన్ని, ఆపైన మరి 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతాన్ని నిర్దేశించింది. అయితే అదే సవరణ ‘నిర్మాణం’ అన్న మాటను నిర్వచిస్తూ, ప్రజలకు విద్యుత్తును సరఫరా, పంపిణీ చేసే పనులను దాని పరిధి నుండి మినహాయించింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన జాబితాలోనూ విద్యుత్ ప్రసార లైన్లకు చోటు లేదు. పైగా కేంద్ర రక్షణలో ఉన్నవి దేశం మొత్తం మీద 3,600 పైచిలుకు స్థలాలే. ఏ జాబితాకూ ఎక్కని సమాధికి, దిబ్బకు ముందస్తు సర్వే ఒక్కటే అండ.

ఆ సర్వే ఎప్పుడు జరగాలన్నది అసలు ప్రశ్న. లైను నిర్మాణంలో మొదట పటాల మీద రెండు మూడు ప్రత్యామ్నాయ మార్గాలు గీస్తారు. తరువాత క్షేత్ర పరిశీలన. ఆపైన మలుపు టవర్ల స్థానాలు స్థిరపరచి, వాటి నడుమ తక్కిన టవర్లను అమరుస్తారు. గోతులు తవ్వే వేళకు చేరుకున్న పురావస్తు అధికారి చేయగలిగింది పని ఆపించడమో, చూచి ఊరుకోవడమో మాత్రమే. మార్గాలు ఇంకా పటం మీద ఉన్నప్పుడే అతడు ఆ దారిన నడిస్తే మరొక అవకాశం ఉంటుంది. పాత రెవెన్యూ పటాలలోని పేర్లు కొంత చెబుతాయి. పాటిదిబ్బ అన్న పేరున్న చోట పూర్వం ఊరు ఉండేదని, ఆ పాటిమన్నును ఎరువుగా తోలుకునే రైతుకు ఎన్నడో తెలుసు. దున్నిన చేలలో తేలే పెంకులు, బంజరులో వలయాకారంగా పేర్చిన బండలు, పశువుల కాపరులు చూపే గుహలు మరికొంత చెబుతాయి. దీనికి పెద్ద తవ్వకాలు అక్కరలేదు. శిక్షణ పొందిన కళ్ళు, కొన్ని వారాల నడక చాలు.

నాగార్జునకొండ వద్ద నీటిమట్టాన్ని దించడం ఎవరి తరమూ కాదు గనుక గోడలను, స్తంభాలను తరలించవలసి వచ్చింది. విద్యుత్ మార్గంలో సాధారణంగా అంతటి ప్రయాస ఉండదు. ముందుగా తెలిస్తే మూడు వేల ఏళ్ళనాటి సమాధి రాయిని కదల్చనక్కరలేదు. టవరు పదిహేను ఇరవై మీటర్లు పక్కకు జరిగితే చాలు.