బోదకాలు రక్తపరీక్ష

ఫైలేరియా పురుగు ఒంట్లో ఉందో లేదో తేల్చే రక్తపరీక్షలకు ఇది వాడుక పేరు. మన దేశంలో బోదకాలు జబ్బుకు ప్రధాన కారణం ఉకరేరియా బాంక్రాఫ్టి అనే సన్నని దారపు పోగులాంటి పురుగు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని ఒకరి నుంచి మరొకరికి చేరుస్తుంది. పెద్ద పురుగులు లింఫు నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు రక్తంలో తిరుగుతాయి. కాలు బాగా వాచిపోయినవారి రక్తంలో ఇవి చాలాసార్లు దొరకవు. ఏ వాపూ లేకుండా పనిపాటలు చేసుకుంటున్నవారిలోనే దొరుకుతుంటాయి. అందుకే ఈ పరీక్ష ముఖ్యంగా జబ్బు ఉందని తెలియనివారి కోసం.

మనిషి రక్తంలో మైక్రోఫైలేరియాలను 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ గుర్తించాడు. అవి రాత్రిపూటే రక్తంలోకి ఎక్కువగా వస్తాయని చైనాలోని అమోయ్‌లో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ తెలుసుకున్నాడు. పగలు అవి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, దోమ కుట్టే వేళకు పైకి వస్తాయి. ఈ ఒక్క లక్షణం వల్ల పరీక్ష రాత్రికి కట్టుబడిపోయింది. రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య ఇంటింటికీ వెళ్లి, నిద్రలో ఉన్నవారిని లేపి, వేలి చివర సూదితో గుచ్చి, స్లైడు మీద రక్తపు చుక్క పరచాలి. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ఈ శ్రమ మీదే నడిచింది. రాజమహేంద్రవరంలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం ఏర్పడింది. అంత కష్టపడినా, పురుగులు కొద్దిగా ఉంటే స్లైడులో కనిపించకపోవచ్చు.

పగటి పరీక్ష కోసం మొదట, పురుగుకు ఎదురుగా ఒంట్లో పుట్టే యాంటీబాడీలను నమ్ముకున్నారు. కానీ జబ్బు పాతుకుపోయిన ఊళ్లలో గతంలో పురుగు సోకి వదిలిపోయినవారికీ, ఇప్పుడు ఉన్నవారికీ యాంటీబాడీలు ఉంటాయి. వేరే పురుగులకు పుట్టినవీ కలగాపులగం అవుతాయి. అసలు మలుపు యాంటీజెన్ పరీక్షతో వచ్చింది. పెద్ద పురుగు విడుదల చేసే యాంటీజెన్ అనే పదార్థం పగలూ రాత్రీ రక్తంలో ఉంటుంది. దాన్ని పట్టే మోనోక్లోనల్ యాంటీబాడీని అమెరికాలో గ్యారీ వీల్ బృందం రూపొందించింది. దాని ఆధారంగా 1990లలో కార్డు పరీక్ష వచ్చింది. తరవాత వచ్చిన పట్టీ పరీక్షకు 75 మైక్రోలీటర్ల రక్తం చాలు, ఫలితం 10 నిమిషాల్లో చూడాలి. ఆ గడువు దాటాక చూస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు.

సామూహిక మందుల పంపిణీ తరవాత వ్యాప్తి ఆగిందో లేదో చూడటానికి 6–7 ఏళ్ల పిల్లలను పరీక్షిస్తారు. వారిలో పురుగు ఉందంటే అది ఈ మధ్య సోకిందే. పెద్దవారిలో మాత్రం పురుగు చచ్చాక కూడా యాంటీజెన్ చాలాకాలం మిగలవచ్చు. మధ్య ఆఫ్రికాలో లోవా లోవా అనే మరో పురుగు ఉన్నవారిలోనూ కొన్నిసార్లు ఈ పట్టీ జబ్బు ఉన్నట్టు గీత చూపుతుంది. రక్తంలో ఆ పురుగు పిల్లలు విపరీతంగా ఉన్నవారికి ఫైలేరియా మందులిస్తే మెదడు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. కాబట్టి అక్కడ పట్టీ గీతను మాత్రమే చూసి మందు ఇవ్వకూడదు, మైక్రోస్కోపు కింద స్లైడు కూడా చూడాలి.