గోధుమలేని సేమ్యా

తిరుత్తణి 1911 నుండి చిత్తూరు జిల్లాలో ఉండి, 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాలో కలిసింది. తిరువళ్ళూరు అప్పటికే ఆ జిల్లాలోనిది. 1997లో రెండూ కొత్త తిరువళ్ళూరు జిల్లాలో చేరినవి. ఎల్లలు ఎన్నిమార్లు జరిగినా అక్కడి తెలుగిళ్ళలో మురుకుల గొట్టం మాత్రం చోటు మారలేదు. ఆ గొట్టం నుండి దిగే బియ్యపు సేమ్యాను గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని.

తమిళులు దీనిని ఇడియాప్పమనీ, సేవై అనీ అంటారు. కన్నడిగులకు శావిగె. మొన్న మొన్న పుట్టిన వంట కాదు. 1025 ప్రాంతాన చావుండరాయడు కన్నడంలో రచించిన 'లోకోపకారం'లోనే శావిగె చేసే తీరూ, ఒత్తే సాధనమూ ఉన్నవి. ఇటలీవారి పాస్తాకు ఇది అక్కయో చెల్లెలో తేల్చుట పండితుల పని.

గోధుమపిండి తడిపితే సాగుతుంది. దానిలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు అందుకు కారణం. బియ్యానికి ఆ గుణం లేదు. కావుననే మన ఇల్లాండ్రు బియ్యపు పిండిని మరిగే నీటితో కలిపి, వేడి తగ్గకముందే ఒత్తి, ఆవిరిమీద ఉడికించేవారు. వేడికి గంజి జిగురెక్కి పోగు నిలుస్తుంది. పిండి చల్లారెనా, గొట్టం కదలదు, రెక్కలు నొస్తవి!

వరినేలలోని మన ఇండ్లకు గోధుమ దండిగా వచ్చింది ఆలస్యంగానే. 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒడంబడిక కుదిరిన పిమ్మట రేషను దుకాణాలలో గోధుమ అలవాటయింది. నేడు సేమియా పాయసం, మైదా ఓలిగలు లేని ఉగాది అరుదు.

అయితే కొందరికి ఆ గ్లూటెన్ చిన్నప్రేగు పొరను దెబ్బతీస్తుంది. ఇది సీలియాక్ వ్యాధి. గోధుమ మాన్పించగా ఇట్టి పిల్లలు కోలుకొనుటను హాలండు వైద్యుడు విలెం డికే 1950 నాటి తన సిద్ధాంత గ్రంథంలో చూపినాడు. నేటికీ చికిత్స అదే, అదియు జీవితాంతం. మన పంక్తిలో పాయసం వద్దన్న బిడ్డను “ఒక్క చెంచాకేమవుతుంది?” అని బలవంతపెట్టే పెద్దలున్నారు. ఆ చెంచాయే హాని. కూటు ఇంగువలో సైతం తరచు గోధుమపిండి కలుస్తుంది, డబ్బాపై చదివి కొనవలె.

ఆ బిడ్డ తోటివారివలె చీజు పాస్తా అడిగితే పావుగంట చాలు. ఎండు బియ్యపు సేమ్యాను వేడినీట నానబెట్టి వార్చండి. గిన్నెడు చల్లని పాలలో చెంచాడు బియ్యపు పిండి ఉండలు లేకుండా కలిపి, కాస్త వెన్న వేసి, సన్నసెగపై చిక్కబడేదాక తిప్పండి. హోటళ్ళలో ఇక్కడే మైదా పడుతుంది. గిన్నె దించిన తరువాతనే అరగిన్నె చీజు తురుము వేయవలె. పొయ్యిమీద వేస్తే ముద్దకడుతుంది. ఉప్పు, మిరియాలపొడి చల్లి సేమ్యాను కలపండి. చల్లారితే గడ్డకడుతుంది గనుక పిల్లలు కూర్చున్న తరువాతనే కలుపుట మంచిది.