నల్లని పటముల మందిరము – పత్రికలు చూచినది, చూడనిది



మన గోదావరిఖని, రామగుండం, మంథని ప్రాంతాలనుండి పిల్లలు ఉద్యోగాల కొరకు అమెరికా వెళ్లుట ఇప్పుడు వింత కాదు. వారిలో కొందరు టెక్సాస్ రాష్ట్రమందలి హ్యూస్టన్ పట్టణంలో ఉన్నారు. అక్కడున్న మీ అబ్బాయినో అమ్మాయినో ఫోనులో ఒక మాట అడిగి చూడండి: "రోత్కో చాపెల్ చూచితివా?" అని. చూచినవారు చాలావరకు ఒకే మాట చెబుతారు: "అందులో ఏమీ లేదు, అన్నీ నల్లని పటాలే." 1971 నుండి పత్రికలు కూడా ఎక్కువగా వ్రాసినది ఆ మాటే. ఆ మందిరాన్ని గూర్చి, దానిని పత్రికలు చూపిన తీరును గూర్చి ఈ నెల కొంత ఆలోచిద్దాము.

ముందు దానిని కట్టించినవారి సంగతి. జాన్ డి మెనిల్, ఆయన భార్య డొమినిక్. వీరు ఫ్రాన్సు దేశస్థులు, రోమన్ కాథలిక్ విశ్వాసులు. డొమినిక్ గారి తండ్రి కాన్రాడ్ ష్లంబర్జర్ నేలలోనికి విద్యుత్తు పంపి, క్రింద ఏ ఖనిజమున్నదో పైనుండే కనుగొనే పద్ధతిని తయారుచేసిన శాస్త్రజ్ఞుడు. 1927లో ఆ పద్ధతినే చమురు బావిలోనికి దింపి పరీక్షించారు. ఆ కుటుంబపు సంపదంతా అక్కడినుండి వచ్చినదే. అనగా ఈ మందిరానికి పెట్టిన సొమ్ము భూగర్భము నుండి వచ్చిన సొమ్ము. మన బొగ్గు బెల్టులో ఉన్నవారికి ఈ సంగతి వేరుగా వివరించనక్కరలేదు. కాని పత్రికలు దీనిని ఒక వాక్యంలో ముగించి ముందుకు వెళ్లిపోతాయి.

వీరిని నడిపించినది ఫాదర్ కూతూరియే అనే డొమినికన్ సన్యాసి. విశ్వాసం ఉండి చేతిలో పని లేనివానికంటె, పనిలో మహా నేర్పరియైనవానిని పిలిచి దేవాలయానికి పని చేయించుటే మేలని ఆయన అభిప్రాయం. ఫ్రాన్సు కొండలలో ఆసీ అనే ఊరిలో 1950లో ప్రతిష్ఠించిన దేవాలయంలో యూదులు, కమ్యూనిస్టులు కూడా పని చేశారు. అక్కడ జర్మేన్ రిషియే అనే శిల్పి చేసిన సిలువ విగ్రహములో క్రీస్తు ముఖము స్పష్టంగా లేదు; నలిగిన కొయ్యవలె ఉన్నాడు. జనులు అభ్యంతరపడ్డారు, పత్రికలలో పెద్ద రభస జరిగినది, 1951లో బిషప్పు గారు దానిని తీసివేయించారు. చాలా సంవత్సరాల తరువాతగాని అది తిరిగి తన స్థలానికి చేరలేదు. 1952లో కూతూరియే గారితో కలిసి మెనిల్ దంపతులు ఆ దేవాలయం చూచారు. ఇంత గొడవ ఎరిగియుండి కూడా వారు 1964లో మార్క్ రోత్కోను పిలిచారంటే, తెలియక చేసిన పని కాదని గ్రహించాలి.

రోత్కో యూదుడు. 1903లో, నేటి లాట్వియా దేశములోని ద్వీన్స్క్ పట్టణంలో పుట్టి, పదేళ్ల వయస్సులో అమెరికా చేరినవాడు. న్యూయార్క్‌లో గుర్రపు బండ్ల పాత షెడ్డు ఒకటి అద్దెకు తీసుకొని, హ్యూస్టన్‌లో కట్టబోయే గోడల కొలతలకు సరిగా లోపల గోడలు నిలబెట్టించి, పైనున్న అద్దాల కప్పుకు పారాచూట్ గుడ్డ కట్టి వెలుగును తగ్గించుకొని పని చేశాడు. ఎనిమిది మూలల గది, పదునాలుగు పటములు. మొదట ఫిలిప్ జాన్సన్ అనే పేరుగల ఆర్కిటెక్టు ఎత్తయిన శిఖరం పెట్టాలన్నాడు, రోత్కో వద్దన్నాడు. చివరికి 1967లో జాన్సనే తప్పుకొన్నాడు. పటములు గీసేవాని మాట విని కట్టడం మార్చుట లోకంలో అరుదు.

1967 నాటికి పటములు పూర్తయ్యాయి. కట్టడం ఆలస్యమైనందున వాటిని భద్రపరచి ఉంచారు. 1968లో రోత్కోకు రక్తనాళపు జబ్బు చేసినది. 1970 ఫిబ్రవరి 25న ఆయన తన ప్రాణము తానే తీసుకొన్నాడు. మందిరము 1971 ఫిబ్రవరి చివరన ప్రతిష్ఠింపబడినది. తన పని గోడమీద నిలిచినది ఆయన కన్నులార చూడనేలేదు.

ఇప్పుడు పత్రికల సంగతి. ఒక మనిషి ఆత్మహత్య, ఆయన వదలిన నల్లని పటములు: ఈ రెండూ ప్రక్కప్రక్కన దొరికితే ఏ విలేఖరి ఊరుకుంటాడు? ఆ పటములు ఆయన మరణ వాఙ్మూలమనే కథ పుట్టినది, నేటికీ నడుస్తున్నది. నాకు ఇది సరియైనదిగా తోచదు. తారీఖులు చూడండి. పటములు ముగిసినది 1967లో, మరణము 1970లో. నడుమ మూడు సంవత్సరాలున్నవి, ఆ నడుమ జబ్బు ఉన్నది. చివరిని చూచి మొదటిని వ్రాయుట చరిత్ర కాదు. 2003 జూన్ 16న మన 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి పదిహేడుగురు మరణించారు. ఆ పదిహేడు అంకె అందరికీ గుర్తున్నది. కాని వారు ఎన్ని వేల షిఫ్టులు దిగి ఇంటికి తిరిగి వచ్చారో ఎవరు వ్రాశారు? చావుతో కొలిచిన బ్రదుకు ఎప్పుడూ పొట్టిగానే కనబడుతుంది.

రెండవ మాట, నలుపు. నిజానికి ఆ పటములు అన్నీ నలుపు కావు. ఏడు పటములలో ముదురు ఎరుపు నేలమీద నల్లని చతురము ఉన్నది. మిగిలిన ఏడు నేరేడు పండు రంగు. ఆనాటి నలుపు తెలుపు అచ్చులో ఏ ఫోటో వేసినా నల్లని మచ్చ తప్ప ఏమి కనబడుతుంది? పత్రిక చదివిన లోకమంతా నలుపనే నమ్మింది. బాయిలో పని చేసినవారు ఈ మోసం త్వరగా పట్టుకుంటారు. మండుటెండలోనుండి దిగిన మనిషికి మొదటి కొద్ది నిమిషాలు ఏమీ తెలియదు. కళ్లు అలవాటుపడిన తరువాత, క్యాప్ ల్యాంపు వెలుగులో గోడ వేరు, సపోర్టు దుంగ వేరు, బొగ్గులోనే మెరిసే పొర వేరు, మెరవని పొర వేరు. టెక్సాస్ ఎండలోనుండి ఆ గదిలోనికి వెళ్లినవారికీ అంతే. కూర్చుంటేనే రంగు బయటికి వస్తుంది. ఐదు నిమిషాలలో నోటు పుస్తకం మూసిన విలేఖరికి నలుపే దక్కుతుంది.

చీకటి అనగానే సాతాను అనుకొనే అలవాటు మనకున్నది. అయితే మోషే దేవుని సమీపించినది గాఢాంధకారములోనికేనని, సొలొమోను దేవాలయ ప్రతిష్ఠలో ఆ గాఢాంధకారమునే జ్ఞాపకము చేసెనని లేఖనము చదివినవారెరుగుదురు.

మన దేవాలయములను చూడండి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠింపబడిన మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీలు కథ చెబుతాయి: జననము, సిలువ, ఆరోహణము. చదువురాని రైతు కూడా చదువుకొనవచ్చును. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ దేవాలయములో అజరయ్య బిషప్పు గారు గుడి స్తంభాలను, మసీదు గుమ్మటాలను కలిపి కట్టించారు. అదీ ఆనాటికి సాహసమే. ప్రతి డిసెంబరులో మన పత్రికలు మెదక్‌ను గూర్చి వ్రాస్తాయి: కరువులో అన్నం పెట్టిన కట్టడం, ఎత్తయిన గోపురం, పగటి వెలుగుకు మాత్రమే కనబడే కిటికీలు. ఇవన్నీ నిజమే, సంతోషమే. కాని లోపల మోకరించినవాని మాట ఎన్నడైనా అచ్చయినదా?

హ్యూస్టన్ వార్తలలో మరొకటి ఉన్నది, నా లెక్కకు అదే పెద్దది. 1969లో జాన్ డి మెనిల్ బార్నెట్ న్యూమన్ చేసిన "విరిగిన స్తంభము" అనే ఉక్కు శిల్పాన్ని నగరానికి ఇచ్చుటకు సగము ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు. ఒక్క షరతు: అంతకు ముందు సంవత్సరం హత్య చేయబడిన మార్టిన్ లూథర్ కింగ్ పేరున అంకితం చేయాలి. నగర పాలకులు ఒప్పుకొనలేదు. అప్పుడు తానే కొని, మందిరము ఎదుట నీటి తొట్టిలో నిలబెట్టించాడు. కేవలము పటముల వింతగా వ్రాయబడిన స్థలము ఇలా మనుష్యుల హక్కుల స్థలమైనది. 1991 డిసెంబరులో నెల్సన్ మండేలా అక్కడికి వచ్చి మాటలాడాడు. 2018 మే నెలలో ఎవరో ఆ తొట్టిలో తెల్ల రంగు పోసి, తెల్లవారి పక్షమున కరపత్రాలు చల్లి పోయారు. ఏ బొమ్మా లేని ఆ స్థలము ఏమి చెబుతున్నదో ఆ దుండగులకు బాగానే అర్థమైనదనుకుంటాను.

"అందులో సిలువ లేదు, బలిపీఠము లేదు, అది చర్చి ఎలా అవుతుంది?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మొదట అది కాథలిక్ విశ్వవిద్యాలయము కొరకు తలపెట్టినదే. తరువాత సర్వమతస్థులకు తెరచిన స్థలమైనది. ప్రభురాత్రి భోజన సంస్కారమునకు నేను మన మందిరమునే కోరుకుంటాను, ఆ గదిని కాదు. అయినను ఒక సంగతి కాదనలేను. అక్కడ సందర్శకులు వ్రాసే పుస్తకాలున్నవి. జేమ్స్ ఎల్కిన్స్ అనే చరిత్రకారుడు వాటిని చదివి, కన్నీళ్లు కార్చినట్లు ఎందరో వ్రాసియుండుట చూచి, పటముల ముందు ఏడ్చినవారిని గూర్చి 2001లో ఒక గ్రంథమే ప్రచురించాడు. ఒక గంట సేపు ఫోను, మైకు, పాట, ప్రకటన ఏదీ లేకుండ కూర్చున్నప్పుడు మన హృదయములోనుండి ఏమి పైకి వస్తుందో! మన ఆరాధనలలో మౌనమునకు ఎన్ని నిమిషాలు ఇస్తున్నామో సంఘ పెద్దలు ఒకసారి లెక్క చూచుకొందురు గాక.

ఆ పటములను మొదటినుండి బాధించినది టెక్సాస్ సూర్యుడు. పైకప్పు అద్దాలనుండి వెలుగు మరీ ఎక్కువై, తెరలు, అడ్డాలు ఎన్నో మార్చారు. 2019లో మూసి, పైకప్పు వెలుగు మార్గాన్ని కొత్తగా కట్టి 2020 సెప్టెంబరులో తెరచారు. 2024 జులైలో బెరిల్ తుఫాను వచ్చి పైకప్పు కారింది, కొన్ని పటములకు నష్టము కలిగింది. బాగుచేసి ఆ డిసెంబరులో మరల తెరచారు. పత్రికలు ఈసారి కప్పును గూర్చి వివరంగానే వ్రాశాయి. లోపల ఫోటోలు తీయనివ్వరు, ప్రవేశానికి రుసుము లేదు, కూర్చొనుటకు సాదా బెంచీలున్నవి.