క్లృప్తశుల్కము - మోటుపల్లి యభయశాసనము

విదేశవాణిజ్యము దేశాభ్యుదయమున కెట్లు హేతువగునో యర్థశాస్త్రాచార్యులు నేఁడు కళాశాలలందు బోధించుచున్నారు. ఆంగ్లేయుఁడగు రికార్డో 1817లోఁ బ్రకటించిన సిద్ధాంతము వారి పాఠములలోఁ బ్రధానము. బాన్సువాడలో నట్టి పాఠమును జదువుచున్న విద్యార్థి యొకఁడు "పంతులుగారూ, మన పూర్వు లీ విషయము నెఱుఁగుదురా?" యని నన్నడిగెను. సముద్రమునకుఁ గడుదూరమైన యీ మంజీరాపరిసరమున నీ ప్రశ్న పుట్టినను, దీనికి సమాధానము సముద్రతీరముననే కలదు.

కాకతీయ గణపతిదేవుఁడు (1199-1262) శకవర్షము 1166, అనఁగాఁ గ్రీ. శ. 1244లో మోటుపల్లి రేవున నొక శాసనమును వేయించెను. అది యచ్చటి వీరభద్రాలయస్తంభముపైఁ గలదు. హుల్ట్జు పండితుఁడు దానిని ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటమునఁ బ్రకటించెను. దాని సారాంశ మిది: గాలివానకుఁ జిక్కి పగిలి యొడ్డునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సరకు నెల్లఁ బూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండిరి. ప్రాణములకుఁ దెగించి సముద్రయానము సేయు వర్తకులయెడ దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును గణపతిదేవుఁడు క్లృప్తశుల్కముదక్కఁ దక్కినదెల్ల విడిచిపెట్టెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకటి. చందనము, కర్పూరము, పన్నీరు, ఏనుఁగుదంతము, ముత్యములు, పగడములు, రాగి, పట్టునూలు, మిరియములు, పోఁకలు మొదలగువానికిఁ బ్రత్యేకముగా సుంకములు నిర్ణయింపఁబడినవి.

ఈ శాసనమును బ్రశంసించువారు సాధారణముగా రాజుయొక్క కృపనే కొనియాడుదురు. నా మనవి వేఱు. కృపాశబ్దము క్రప ధాతువునకు సంప్రసారణము రాఁగా సిద్ధించినది. క్లృప్తశబ్దమో, సామర్థ్యార్థకమగు కృపూ ధాతువున రేఫమునకు లకారము రాఁగాఁ గలిగినది. ఈ యాదేశమును బాణిని యష్టాధ్యాయి యెనిమిదవ యధ్యాయమున విధించెను. చెవికి సన్నిహితములైనను నివి వేర్వేఱు ధాతువులు. అర్థములును వేఱే. కృప రాజహృదయమునం దుండునది; నేఁడుండి రేపు లేకపోవచ్చును. క్లృప్త మనఁగా నిర్ణీతము, ఱాతిపైఁ జెక్కఁబడినది. ఓడ కదలకముందే వర్తకుఁడు తన లాభవ్యయములను గణించుకొనఁగలఁడు. శుల్కశబ్దభవమగు సుంకము లోకమున భయహేతువు. మోటుపల్లియం దదియే, యింతేయను నవధి గలుగుటచే, నభయమైనది.

ఆ 13వ శతాబ్ది చివర వెనిసునగరవాసి మార్కోపోలో మోటుపల్లి రాజ్యమును వర్ణించి, యిచ్చటి సన్నని వస్త్రములను సాలెగూటితోఁ బోల్చెను. ఈ సమృద్ధి కంతకును శాసన మొక్కటియే కారణమని సాధింపఁజాలము. సాలెవాండ్ర హస్తలాఘవమును, గనులలోని వజ్రములును శాసనజన్యములు గావు. మఱియు 1358లోఁ గొండవీటి యనవోతారెడ్డి యిచ్చటనే వర్తకులకు మరల నభయ మీయవలసివచ్చెను. రాజ్యము మాఱినచో ఱాతిపై మాటయుఁ బునఃప్రతిష్ఠ నపేక్షించును.

కావున విద్యార్థితో నే నిట్లంటిని: "సిద్ధాంతమును రికార్డో చెప్పెను. నిర్ణయము లేనిచో నోడ రేవునకు రాదను మాట మాత్రము మనవా రెఱుఁగుదురు." దీని యుక్తాయుక్తములను బండితులు విమర్శింతురు గాక.