మంటకు మంటే కాపలా

పాలు సిమ్‌లో పెట్టి, పక్కగదిలో నాలుగు పేజీలు చదువుకుని వచ్చేసరికి అవి పొంగి, పొయ్యి ఆరిపోయి ఉండటం మనలో చాలామందికి అనుభవమే. మంట ఆరింది గాని గ్యాసు ఆగలేదు. ఎల్పీజీ గాలికన్నా బరువైనది. నేలబారున పరచుకొని, ఏ నిప్పురవ్వ కోసమో కాచుకుని ఉంటుంది.

ఈ భయం పాతదే. 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనే రంగులు వేసే వృత్తివాడు గ్యాసుతో అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రం చేసి, దానికి ‘గీజర్’ అని పేరు పెట్టాడు. మన స్నానాలగదుల్లో నేటికీ వినిపించే మాట అదే. దానికి పొగగొట్టమైనా లేదు. ఆనాటి బొగ్గుగ్యాసులో కార్బన్ మోనాక్సైడు ఉండేది కనుక, మంట ఆరిన గ్యాసు పేలకుండానే ప్రాణం తీయగలదు.

విచిత్రమేమంటే, ఈ ప్రమాదానికి విరుగుడుకు మూలమైన సూత్రం అంతకు 47 ఏళ్ళ ముందే దొరికింది. 1821లో బెర్లినులో థామస్ యోహాన్ సీబెక్ రెండు భిన్న లోహాలను కొసల వద్ద కలిపి, ఒక కూడలిని వేడిచేయగా, పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. వేడిమే అయస్కాంతత్వాన్ని పుట్టిస్తున్నదని ఆయన భావించాడు. నిజానికి పుట్టినది విద్యుత్తు. ముల్లును కదిల్చింది ఆ విద్యుత్తే. ఆ సంగతి గ్రహించినవాడు ఎయిర్‌స్టెడ్.

ఆ లోహాల జంటనే మనం ఉష్ణయుగ్మమని చదువుకున్నాం. భద్రతా సాధనమున్న పొయ్యిలో బర్నరు పక్కన, మంట తగిలేలా నిలబడి ఉండే చిన్న కడ్డీ అదే. అది పుట్టించేది 20, 30 మిల్లీవోల్టులు మాత్రమే. ఆపాటి బలంతో లోపలి విద్యుదయస్కాంతం వాల్వును తెరవలేదు; తెరిచినదానిని మూసుకుపోకుండా పట్టి ఉంచగలదు, అంతే. అందుకే వెలిగించాక నాబును కొన్ని సెకన్లు నొక్కి ఉంచమంటారు. తెరిచేది మన చెయ్యి, పట్టుకునేది మంట. మంట ఆరితే కడ్డీ చల్లారుతుంది, విద్యుత్తు సన్నగిల్లుతుంది, స్ప్రింగు వాల్వును మూసివేస్తుంది. ఇంట్లో కరెంటు లేకపోయినా ఈ పని ఆగదు. కడ్డీ పాడైనా, తీగ తెగినా పొయ్యి నిలిచి వెలగదే గాని, గ్యాసును మాత్రం వదలదు.

అయితే రబ్బరు గొట్టం చిల్లుపడి కారే గ్యాసు సంగతి దీనికి తెలియదు. అక్కడ మన ముక్కూ, రెగ్యులేటరు మీది చెయ్యే దిక్కు. పైగా మన ఇళ్ళలోని మామూలు రెండు బర్నర్ల పొయ్యిల్లో చాలావాటికి ఈ కడ్డీ ఉండదు. ఈసారి పొయ్యి కొనబోయినప్పుడు అడిగి చూడండి. స్పార్కునిచ్చే కడ్డీని చూపించి ఇదేనంటే నమ్మకండి. అది వెలిగించడానికే, కాపలాకు కాదు.