వికాస్ దొరసూ: తెలుగు మూలపు ఫుట్‌బాల్ ఆటగాని క్రీడాయాత్ర

దొరసూ, వికాస్ (జననము: 1973 అక్టోబరు 10). ఫ్రాన్సు దేశపు ఫుట్‌బాల్ క్రీడాకారుడు. నార్మండీ సీమలో లెహావ్ర్ రేవుపట్టణమును ఆనుకొనియున్న హార్‌ఫ్లర్‌లో, మారిషసు ద్వీపమునుండి వలసవచ్చిన తెలుగు మూలపు కుటుంబమున జన్మించి, పదునైదేండ్లు ఆటయే జీవనముగా ఆరు క్లబ్బుల చొక్కాలు తొడిగి, ఫ్రాన్సు జాతీయజట్టు పక్షమున పదునెనిమిది ఆటలాడి, ఒక గోలు సాధించి, 2008లో ఆట విరమించెను.

మారిషసు తెలుగువారి చరిత్ర మన తీరమునుండియే మొదలగుచున్నది. 1832-33లో నందన నామ సంవత్సరమున గుంటూరు, బందరు సీమలను ఊడ్చివేసిన కరవును మన పెద్దలు నందన కరవనియు డొక్కల కరవనియు చెప్పుకొనెడివారు. కృష్ణకు ఆనకట్ట 1855లోగాని పూర్తికాలేదు. అందుచేత ఇప్పుడు చల్లపల్లి చుట్టుప్రక్కల ఏ గట్టున నిలిచి చూచినను కనబడు పచ్చదనము ఆనాటివారి కన్నులెరుగనిది. సరిగా ఆ కాలముననే మారిషసులో బానిసత్వము రద్దయి, చెరకుతోటల యజమానులు ఒప్పందపు కూలీలకై భారతదేశమువైపు చూచిరి. 1834 మొదలు మూడుతరముల కాలములో ఆ ద్వీపమునకు పోయిన భారతీయులు నాలుగున్నర లక్షల వరకు ఉందురు. వారిలో తెలుగువారు పెక్కుమంది గోదావరీముఖమందలి కోరంగి రేవున ఓడ యెక్కినవారగుటచేత, ఎక్కడినుండి వచ్చినను వారికి 'కోరంగులు' అను పేరు నిలిచిపోయినది. తెలుగు పేళ్ల చివరి ఉకారము అక్కడి కాగితములలో దీర్ఘమెక్కి, నాయుడు 'నాయిడూ' యయ్యెను, అప్పడు 'అప్పడూ' యయ్యెను. దొరసూ అను పేరునందు మన 'దొర' అను మాట వినబడుచున్నదని తోచుట తెలుగు చెవికి సహజమే. భాష నాలుకపై పలుచబడినను ఆ ద్వీపవాసులు ఉగాదిని విడువలేదు, అమ్మోరు పండుగను విడువలేదు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడనే జరిగినవి.

దొరసూ ఆటలోనికి పోవుటకు ముందు ఒక పోలిక చెప్పవలెను. ఇంగ్లండులో దిగువ శ్రేణుల క్లబ్బులందు ఏటేట ఊరుమారుచు, రెండేండ్లొకచోట, ఆరునెలలొకచోట ఆడి పొట్టపోసికొను ఆటగాండ్రు ఒక తరగతిగా ఏర్పడియున్నారు. మనకిది క్రొత్తవిషయము కాదు. సురభివారివలె ఒకే నాటకసమాజమున పుట్టి, పెరిగి, అందులోనే రంగు పూసికొనిన నటులు కొందరైతే, కాంట్రాక్టు నాటకములలో ఈ రాత్రి తెనాలిలో కృష్ణుడు, రేపటి రాత్రి గుడివాడలో అర్జునుడు, ఎల్లుండి ఏ ఊరైన సరే అని పెట్టె సర్దుకొని బయలుదేరినవారు మరికొందరు. పరిచయములేని హార్మోనిస్టు శ్రుతికి, పరిచయములేని సత్యభామ పద్యమునకు అప్పటికప్పుడు ఒదిగిపోవలసిన ఆ రెండవ తరగతి నటుని నేర్పును తక్కువగా నెంచుట న్యాయము కాదు. దొరసూ దిగువ శ్రేణివాడు కాడు. మొదటినుండియు అగ్రశ్రేణిలోనే ఆడినవాడు. అయినను అతని జీవితమున అడుగడుగున కానవచ్చు రాకపోకలు, ఎరువుకు పోవుటలు, బెంచిపై కూర్చుండుటలు ఆ తిరుగుడు ఆటగాండ్రవే యగుటచేత అతనిని ఈ దృష్టితో పరిశీలించుట తగును.

లెహావ్ర్ నగరమున కోక్రియోవిల్ అను పేటలోని అపార్టుమెంటు గృహముల నడుమ అతని బాల్యము గడచెను. ఆ నగరపు క్లబ్బు 1872లో స్థాపితమై ఫ్రాన్సులోని క్లబ్బులన్నింటిలో ప్రాచీనమైనదిగా గణన కెక్కినది. అందులోనే ఆట నేర్చి, 1993 నుండి 1998 వరకు అక్కడనే మధ్యస్థానమున ఆడెను. పొట్టి మనిషి. బలముచేత కాక, బంతిని పాదమునకు అంటించుకొని తిరిగి, ఇద్దరి నడుమ సందు చూచి చిన్న పాసు నందించుటచేత అతడు పేరుపొందెను. ఇట్టి ఆటగాని పని మరునాటి పత్రికలోని లెక్కలలో కానరాదు. గోలు కొట్టినవాని పేరు అచ్చగును, గోలునకు దారితీసిన పాసునకు ముందటి పాసు ఎవరిదో ప్రేక్షకులలో ఆట తెలిసిన నలుగురే గుర్తుంచుకొందురు.

1998లో లియోన్ క్లబ్బులో చేరి, మరుసటి యేడు జాతీయజట్టులో తొలిసారి ఆడెను. అది ప్రపంచకప్పు గెలిచి ఏడాదియైనను నిండని జట్టు. జిదాను వంటివారు వెలుగుచున్న ఆ మధ్యస్థానమున మరొకనికి చోటెక్కడిది? ఆ తరువాత ఐదేండ్లు జాతీయజట్టునుండి పిలుపు లేదు. 2001లో లియోన్‌వారు అతనిని ఒక యేడు బోర్డోకు ఎరువిచ్చిరి. సంక్రాంతి కబడ్డీ పోటీలకు మన ఊళ్లవారు పొరుగూరి కూతగానిని తెచ్చుకొనుట యెరిగినవారికి ఈ పద్ధతి వేరుగా వివరింపనక్కరలేదు. భేదమల్లా, అక్కడ కాగితముపై వ్రాతకోతలుండును. అతడు బోర్డోకు పోయిన ఆ యేడే లియోన్ తన చరిత్రలో తొలిసారి దేశచాంపియనయ్యెను. ఏండ్ల తరబడి ఎదురుచూచిన పంట తాను పొరుగూరు పోయిన నాడే కోతకు వచ్చినట్లయినది. బోర్డో మాత్రము అతనితో 2002లో లీగు కప్పు గెలిచెను. తిరిగివచ్చిన పిదప 2003లోను 2004లోను లియోన్ చాంపియనైనప్పుడు అతడు జట్టుననే యుండెను.

1995 డిసెంబరులో యూరపు న్యాయస్థానము బోస్మన్ అను బెల్జియం ఆటగాని వ్యాజ్యములో, ఒప్పందము ముగిసిన ఆటగాడు పైకము చెల్లింపనక్కరలేకయే యూరపు సమాఖ్య దేశములలో తనకు నచ్చిన క్లబ్బునకు పోవచ్చునని తీర్పు చెప్పెను. అంతకుముందు, ఒప్పందము తీరినను, పాత క్లబ్బు కోరిన వెల చెల్లినగాని ఆటగాడు కదలుటకు వీలులేకుండెను. ఈ స్వేచ్ఛతోనే దొరసూ 2004లో ఇటలీకి పోయి మిలాన్ క్లబ్బులో చేరెను. కాని పిర్లో, సీడార్ఫ్, కాకా, రూయి కోస్టా ఉన్న ఆ మధ్యస్థానమున అతనికి దక్కిన అవకాశములు స్వల్పము. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో జరిగిన చాంపియన్స్ లీగు తుదిపోటీలో మిలాన్ మూడు గోలుల ఆధిక్యమును పోగొట్టుకొని లివర్‌పూల్ చేత పెనాల్టీలలో ఓడినప్పుడు అతడు బెంచిపై కూర్చుండియుండెను.

అదే యేడు పారిస్ సెయింట్ జర్మెయిన్ క్లబ్బునకు తరలెను. 2005 అక్టోబరున సైప్రసుపై ఫ్రాన్సు 4-0గా గెలిచి ప్రపంచకప్పునకు అర్హత పొందిన ఆటలో అతని ఏకైక అంతర్జాతీయ గోలు నమోదయ్యెను. 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచి కప్పు తుదిపోటీ పారిస్, మార్సెయ్ క్లబ్బుల నడుమ జరిగెను. ఆ రెండింటి వైరము మనవైపు కోడిపందెపు బరులలో రెండు ఊళ్ల నడుమ కానవచ్చు పట్టుదలకు తీసిపోనిది. రెండవ అర్ధభాగము మొదలైన కొద్ది నిమిషములకే, చిన్న పాసులకే పేరుపొందిన ఈ మనిషి చాల దూరమునుండి బంతిని తన్నగా అది సూటిగా పోయి వలలో పడెను. పారిస్ 2-1తో గెలిచెను.

ఆ వేసవిలో జర్మనీయందు ప్రపంచకప్పు. ప్రథమ ఘట్టమున రెండు ఆటలలో చివరి కొద్ది నిమిషములు మాత్రమే అతడు మైదానమున దిగెను. తక్కిన దినములన్నియు హామెలన్ పట్టణము చెంతనున్న హోటలులో కాలము వెళ్లబుచ్చుటయే. అతని మిత్రుడు, గాయకుడును చిత్రదర్శకుడును అయిన ఫ్రెడ్ పూలే పయనమునకు ముందు అతని చేతికొక సూపర్-8 కెమేరా నిచ్చియుండెను. ఆ కెమేరాలో పట్టు ఫిల్మురీలు సుమారు మూడు నిమిషములు మాత్రమే నడచును. మైదానమున తనకు దక్కిన కాలమువలెనే రీలున దక్కినదియు స్వల్పమే. హోటలు గది, కిటికీ, నడవ, గదిలో ఒంటరియైన తన ముఖము, ఇవి అతడు పట్టిన దృశ్యములు. జూలై 9న బెర్లిన్‌లో ఇటలీతో తుదిపోటీ జరిగి, జిదాను తలతో పొడిచి వెలిపోవుటయు, పెనాల్టీలలో ఫ్రాన్సు ఓడుటయు జగమంతయు చూచినది. ఆ ఆటలో దొరసూ అడుగుపెట్టలేదు. హోటలులో అతడు పట్టిన దృశ్యములను కూర్చిన 'సబ్‌స్టిట్యూట్' అను చిత్రము 2007లో విడుదలయ్యెను. గోలు కొట్టినవాని ఆనందమును చూపు చిత్రములు కోకొల్లలు. పిలుపుకై ఎదురుచూచుచు కాలము లెక్కించుకొను ఆటగాని లోపలి బాధను ఇంత దగ్గరగా చూపినది మరొకటి మాకు కానరాదు. క్రీడాచరిత్రలో దీనికి ఏ కప్పునకును తీసిపోని స్థానమీయవలెనని మా నిశ్చితాభిప్రాయము.

2006 శరత్తున పారిస్ క్లబ్బు కోచ్ గీ లకోంబ్‌తో పొసగక, తన అసంతృప్తిని పత్రికాముఖమున వెల్లడించినందున, అక్టోబరులో క్లబ్బువారు అతనిని పనినుండి తొలగించిరి. ఆటగాండ్రకును క్లబ్బులకును నడుమ 1973లో ఒడంబడిక కుదిరిన తరువాత ఫ్రెంచి అగ్రశ్రేణిలో ఇట్లు తొలగింపబడిన తొలి ఆటగాడతడే. ఎదురుచూచుటకు జీతమిచ్చెదరు గాని, ఎదురుచూచుచున్నానని చెప్పుటకు ఈయరు. ఆ మాట చెప్పిన ధైర్యము అతనిది. 2007 జనవరిలో ఇటలీలోని లివోర్నో అతనిని చేర్చుకొనెను. అక్కడ ఒక్క పోటీయైనను ఆడకుండగనే కొద్ది నెలలలో బయటపడెను. మరుసటి యేడు ఆట ముగిసెను.

తరువాతి కాలమున, స్వలింగసంపర్కులపై వివక్షకు వ్యతిరేకముగా పాటుపడిన 'పారిస్ ఫుట్ గే' సంఘమునకు అండగా నిలిచెను. గెలుపునకన్న ఆడుటలోని సంతోషమే ముఖ్యమని చాటు 'తతాన్' ఉద్యమమున భాగస్వామి యయ్యెను. 2020లో పారిస్ పురపాలక ఎన్నికలలో వామపక్షమైన 'లా ఫ్రాన్స్ ఎన్సుమీజ్' తరపున నగరపు 18వ విభాగమున అభ్యర్థిగా నిలిచెను. గెలుపు ఆ పక్షమునకు దక్కలేదు.